జర్మన్ బంగాళాదుంప సలాడ్, రాతకెక్కిన వంటల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ పద్ధతిలో బంగాళాదుంప సలాడ్ చేయడం మొదలుపెట్టినవారికి వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే: దుంపలు చితికిపోతున్నాయి, సలాడ్ ఎండిపోతోంది, పాత పుస్తకంలో చూస్తే కొలతలే లేవు. ఈ మూడో సందేహం తీర్చబోతే వంటలు రాతకెక్కిన చరిత్రలోకి వెళ్ళక తప్పదు కాబట్టి ఆ ప్రశ్నలను కూడా ఇక్కడే చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

జర్మన్ పొటాటో సలాడ్ అంటే మయోనైజ్ వేసేదా, వెనిగర్ వేసేదా?

రెండూ జర్మన్‌వే. దక్షిణాన ష్వాబియా, బవేరియా ప్రాంతాల్లోనూ, సరిహద్దు దాటి వియన్నాలోనూ వేడి స్టాక్ (మాంసమో కూరగాయలో మరిగించి వడకట్టిన రసం), వెనిగర్, మస్టర్డ్ (నూరిన ఆవముద్ద), నూనెలతో కలుపుతారు. ఉత్తరాన, బెర్లిన్ వైపు, మయోనైజ్‌లో ఉడికిన గుడ్డు, వెనిగర్‌లో ఊరబెట్టిన చిన్న దోసకాయల ముక్కలు, చాలా ఇళ్ళలో యాపిల్ ముక్కలు కూడా వేసి చల్లగా వడ్డిస్తారు. ఈ విభజన గీత గీసినట్టు ఉండదు. ఒకే ఊళ్ళో పుట్టింటి పద్ధతి ఒకటి, అత్తింటి పద్ధతి ఒకటి కావడం మామూలే. అమెరికాలో ఇదే పేరుతో దొరికే బేకన్, వెనిగర్, పంచదార కలిపిన వేడి సలాడ్ అక్కడికి వలస వెళ్ళిన జర్మన్ల వంటలోంచి వచ్చినది. ఇక్కడ ఎక్కువగా దక్షిణాది రకం గురించే చెబుతున్నాను. అందులో లోపాన్ని కప్పిపుచ్చే మసాలా గానీ చిక్కటి సాస్ గానీ ఉండదు కాబట్టి సందేహాలన్నీ దాని దగ్గరే పుడతాయి.

ఇంతకీ ఇందులో ఏమేం పడతాయి, ఎంతెంత?

నలుగురికి పక్క వంటకంగా సరిపోవాలంటే ఒక కిలో బంగాళాదుంపలు, 250 నుంచి 300 మిల్లీలీటర్ల వేడి స్టాక్, నాలుగు పెద్ద చెంచాల వెనిగర్, ఒక పెద్ద చెంచా మస్టర్డ్, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, ఐదు పెద్ద చెంచాల పొద్దుతిరుగుడు నూనె, ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు పంచదార, పైన చల్లడానికి ఉల్లికాడలు. వీటిలో స్టాక్ కొలత ఒక్కటీ అంచనా మాత్రమే, ఎందుకంటే ఏ దుంప ఎంత పీలుస్తుందో పోసేదాకా తెలియదు. వెనిగర్ సీసాపై ఆమ్ల శాతం చూడండి. జర్మనీలో మామూలుగా వాడేది 5 శాతం. మన దగ్గర 4 శాతంది ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి ఇంకో చెంచా పట్టవచ్చు.

మన బజారులో దొరికే ఆలుగడ్డ దీనికి పనికొస్తుందా?

కొన్ని పనికొస్తాయి. ఈ సలాడ్‌కు పిండి తక్కువగా, తడి ఎక్కువగా ఉండి, ఉడికాక కూడా కోసిన అంచు నిలిచే దుంప కావాలి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాల్లో కుఫ్రీ పుఖ్‌రాజ్ ఇటువంటిది. 1968 నాటి కుఫ్రీ జ్యోతి మధ్యరకం. చిప్స్ కోసమే రూపొందించిన కుఫ్రీ చిప్సోనా పిండిగా విడిపోతుంది కనుక దాన్ని వదిలేయాలి. అయితే రైతుబజారులో రకం పేరు అడిగితే జవాబు రావడం అరుదు. అక్కడ చేయగలిగింది ఏమిటంటే, చలికాలంలో వచ్చే కొత్త దుంపను, గోటితో గీరితే తొక్క పలచగా ఊడివచ్చేదాన్ని, ఏరుకోవడం.

అనుమానం మిగిలితే ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక గ్లాసు ఉప్పుకు పదకొండు గ్లాసుల నీళ్ళు కలిపి అందులో పచ్చి దుంపను వేయండి. పిండి ఎక్కువున్న దుంప బరువుగా ఉండి మునుగుతుంది. సలాడ్‌కు తగినది తేలుతుంది. మునిగినదాన్ని పారేయనక్కరలేదు, పూరీ కూరకు అంతకన్నా మంచి దుంప ఉండదు.

జర్మనీలో చదువుకుంటున్నాను. దుకాణంలో ఏ సంచి తీసుకోవాలి?

సంచిపై 'ఫెస్ట్‌కొహెండ్' అని రాసి ఉన్నది తీసుకోండి. ఉడికినా గట్టిగా నిలిచే రకమని దాని అర్థం. చాలా సంచులపై దీనికి ఆకుపచ్చ, మధ్యరకానికి ఎరుపు, పిండి రకానికి నీలం రంగు గుర్తుగా వాడతారు గానీ, రంగును కాక రాతనే నమ్మడం మంచిది. లిండా, జీగ్లిండె, అన్నబెల్, నికోలా వంటి పేర్లు కనిపిస్తే సందేహించకండి. బవేరియా ఉత్తర భాగంలో ఉంటే బాంబర్గ్ పరిసరాల్లో పండే వేలెడంత వంకర దుంప దొరుకుతుంది. ఖరీదు ఎక్కువ, తొక్క తీయడం విసుగు, రుచి మాత్రం ఆ శ్రమకు తగ్గట్టే ఉంటుంది.

వెనిగర్ బదులు నిమ్మరసమో చింతపండో వాడొచ్చా?

నిమ్మరసం వాడవచ్చు, కాకపోతే వేడి స్టాక్‌లో కాక చల్లారాక కలపాలి; వేడికి దాని వాసన పోతుంది. చింతపండు వేస్తే రంగు, రుచి రెండూ మారి అది మరో వంటకం అవుతుంది. అదీ బాగానే ఉండవచ్చు గానీ దాన్ని జర్మన్ సలాడ్ అనలేము.

జర్మన్ మస్టర్డ్ దొరకలేదు. ఇంట్లో ఆవాలు నూరి వేయవచ్చా?

వేయవచ్చు, అయితే క్రమం ముఖ్యం. ఆవాల ఘాటు పొడిగా ఉన్నప్పుడు రాదు. నీళ్ళు తగిలిన తరువాతే పుడుతుంది, పది నిమిషాల్లో పెరుగుతుంది, పులుపు తగిలితే పెరగడం ఆగి అక్కడే నిలుస్తుంది. కాబట్టి ఘాటు కావాలంటే ముందు చల్లని నీళ్ళతో నూరి కాసేపు ఉంచి ఆ తరువాత వెనిగర్ కలపాలి. నెమ్మదిగా ఉండాలంటే మొదటే వెనిగర్‌తో నూరాలి. జర్మన్ ఇళ్ళలో ఈ సలాడ్‌కు వాడేది మధ్యస్థ ఘాటు గల రకం కాబట్టి రెండో దారి దానికి దగ్గర. ఆవపెట్టిన కూరలో వేసినంత ధారాళంగా వేయకండి. ఇందులో ఆవ వెనక నిలబడాలి, ముందుకు రాకూడదు. చిటికెడు పంచదార, పసుపు చేర్చితే చేదు తగ్గి రంగు కూడా దగ్గరగా వస్తుంది.

మేము శాకాహారులం. మాంసం స్టాక్ లేకుండా రుచి వస్తుందా?

వస్తుంది. క్యారెట్, ఉల్లిపాయ, సెలరీ కాడ, బిర్యానీ ఆకు, నాలుగు మిరియాలు వేసి అరగంట సన్నని సెగపై మరిగించి వడకడితే సరిపోతుంది. ఉల్లిపాయను సగానికి కోసి, కోసిన వైపు పొడి పెనంపై నల్లబడేదాకా కాల్చి వేస్తే మాంసం స్టాక్‌కు ఉండే లోతు కొంత వస్తుంది. ఘనాలుగా దొరికే పొడి స్టాక్ వాడితే ఉప్పు ముందే వేయకండి, అందులోనే సరిపడా ఉంటుంది. ఉత్త వేడినీళ్ళు పోస్తే మాత్రం సలాడ్ చప్పగా అవుతుంది, ఎంత ఉప్పు వేసినా తేరుకోదు.

## ఉడికించేటప్పుడు

తొక్కతో ఉడికించాలా, తీసి ఉడికించాలా?

తొక్కతోనే. తొక్క ఉన్నంతసేపు దుంపలోకి నీళ్ళు ఎక్కువగా దూరవు, రుచి బయటికి పోదు. దుంపలన్నీ ఒకే పరిమాణంలో ఏరుకుని, చల్లని ఉప్పునీళ్ళలో వేసి పొయ్యి వెలిగించండి. మరిగే నీళ్ళలో వేస్తే లోపల ఉడికేలోపు పైపొర చిట్లుతుంది. మొలకలు వచ్చినవి, ఆకుపచ్చగా మారినవి వాడవద్దు. ఆ భాగాల్లో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఉడికించినా పోదు.

కుక్కర్‌లో పెట్టొచ్చా?

పెట్టవచ్చు గానీ నేను పెట్టను. కుక్కర్‌లో ఒక విజిల్ తేడాతో దుంప పచ్చిగానో మెత్తగానో అయిపోతుంది, మధ్యలో చూసే వీలు లేదు. తప్పదనుకుంటే దుంపలను నీళ్ళలో ముంచకుండా గిన్నెలో పెట్టి ఆవిరికి ఉడికించి, ఒక విజిల్ తరువాత ఆపి, ఆవిరి తనంతట తాను పోయేదాకా ఉంచండి.

సరిగ్గా ఉడికిందని ఎలా తెలుస్తుంది?

సన్నని చాకు మొన నడిమిదాకా దిగాలి, పైకి ఎత్తితే దుంప తనంతట తానే చాకు నుంచి జారిపోవాలి. జారకుండా పట్టుకుంటే లోపల ఇంకా పచ్చి ఉంది. చాకు వెన్నలోకి దిగినట్టు దిగి, చుట్టూ తొక్క పగిలి ఉంటే ఎక్కువ ఉడికినట్టు. మధ్యరకం దుంపకు నీళ్ళు మరగడం మొదలయ్యాక 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది.

చక్రాలుగా కోస్తుంటే చితికిపోతున్నాయి. ఏం చేయాలి?

మూడు కారణాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది: పిండి రకం దుంప, ఎక్కువ ఉడకడం, లేదా పొగలు కక్కుతున్నప్పుడే కోయడం. నీళ్ళు వంపేశాక మూత తీసి పది నిమిషాలు ఆవిరి పోనిచ్చి, చేత్తో పట్టుకోగల వేడి ఉన్నప్పుడు తొక్క తీసి, పలచని చాకుతో మూడు మిల్లీమీటర్ల మందాన కోయండి. చాకును మధ్యమధ్యలో తడిపితే అంటుకోదు. పిండి రకం దుంప తప్ప మరొకటి దొరకని చోట వేరే ఉపాయం ఉంది. దుంపను పచ్చిగానే తొక్క తీసి కోసి, లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా వెనిగర్ కలిపి అందులో ఉడికించండి. ముక్కలను కలిపి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు కాబట్టి అంచులు నిలుస్తాయి. దీనికి రుచిలో కొంత నష్టం ఉంది, అది ఒప్పుకోవాలి.

## కలిపేటప్పుడు

స్టాక్ వేడిగానే ఎందుకు పోయాలి?

చల్లారిన దుంపలో పిండి పదార్థం బిగుసుకుపోతుంది, అప్పుడు పోసిన పులుసు గిన్నె అడుగున నిలిచిపోతుంది. గోరువెచ్చని ముక్కలపై మరిగే స్టాక్‌ను వెనిగర్, ఉల్లిపాయ, మస్టర్డ్, ఉప్పుతో కలిపి పోస్తే రెండు పనులు జరుగుతాయి. ముక్క ఆ రసాన్ని లోపలికి పీల్చుకుంటుంది. కోసిన ముఖంపై ఉన్న పిండి కొంత కరిగి రసాన్ని చిక్కబరుస్తుంది. గిన్నెను పక్కకు వంచి చూడండి. పోసిన వెంటనే రసం నీళ్ళలా పరుగెత్తుతుంది. మూడు నాలుగు నిమిషాలకు అది మసకబారి, ముక్కల మధ్య నెమ్మదిగా కదులుతూ, చెంచా వెనక పలచగా అంటుకుంటుంది. ష్వాబియా వంటవారు వెతికేది ఆ స్థితినే. గరిటెతో తిప్పినప్పుడు తడి చప్పుడు వినిపించాలని వారంటారు. రసం మొత్తాన్ని ఒకేసారి కాక మూడు విడతలుగా పోయండి.

నూనె చివరనే వేయాలంటారు, నిజమేనా?

నిజమే. నూనె ముందు పడితే ముక్క చుట్టూ పొరలా పట్టి స్టాక్‌ను, వెనిగర్‌ను లోపలికి పోనివ్వదు. పులుసు పీల్చుకున్నాక నూనె వేసి, అడుగు నుంచి పైకి మెల్లగా తిరగవేయండి. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె వాసనలు ఇందులో నప్పవు; పొద్దుతిరుగుడు నూనె జర్మన్ వంటిళ్ళలోనూ వాడేదే.

అరగంట తరువాత చూస్తే సలాడ్ ఎండిపోయింది. ఇప్పుడెలా?

అది తప్పు కాదు, దుంప ఇంకా పీలుస్తూనే ఉంది. ఈ సంగతి తెలిసినవారు స్టాక్‌లో కొంత పక్కన ఉంచుకుంటారు. దాన్ని మళ్ళీ వేడిచేసి కొద్దికొద్దిగా కలిపి, ఉప్పు, పులుపు సరిచూసుకోండి. వడ్డించే ముందు సలాడ్ కాస్త పలచగా ఉండటమే మంచిది, భోజనం పూర్తయ్యేలోపు అదే బిగుస్తుంది.

పచ్చి ఉల్లిపాయ ఘాటు ఎక్కువవుతోంది. తగ్గించేదెలా?

తరిగిన ఉల్లిపాయను మరిగే స్టాక్‌లో ఒక్క నిమిషం ఉంచి పోయండి, లేదా వెనిగర్‌లో పావుగంట నానబెట్టండి. నూనెలో వేయించవద్దు, తీపి వచ్చి సలాడ్ రుచి మారుతుంది.

మయోనైజ్ రకం చేయాలంటే తేడా ఏమిటి?

దుంప అదే, పద్ధతి వేరు. ముక్కలను మొదట కొద్దిపాటి వేడి స్టాక్, వెనిగర్‌తో తడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. ఆ తరువాతే మయోనైజ్, పెరుగు సమానంగా కలిపి వేయాలి. వేడి ముక్కలపై వేస్తే మయోనైజ్ విరిగి నూనె తేలుతుంది. ఊరబెట్టిన దోసకాయల సీసాలోని నీళ్ళు రెండు చెంచాలు వేస్తే రుచి అమరుతుంది. మయోనైజ్ వంట పుస్తకాల్లో స్థిరపడింది పందొమ్మిదో శతాబ్దంలో కాబట్టి, స్టాక్ రకంతో పోలిస్తే ఇది కొత్తదనే చెప్పాలి.

## వడ్డన, నిల్వ

వేడిగా తినాలా, చల్లగానా?

స్టాక్ రకాన్ని గోరువెచ్చగా, కలిపిన అరగంట నుంచి గంట తరువాత తినాలి. ఫ్రిజ్‌లోంచి తీసింది నేరుగా వడ్డిస్తే పులుపు తప్ప ఏదీ తెలియదు. మయోనైజ్ రకం చల్లగానే బాగుంటుంది.

దీన్ని దేనితో తింటారు? క్రిస్మస్‌కూ దీనికీ సంబంధం ఏమిటి?

డిసెంబరు 24 రాత్రి జర్మనీలో ఎన్నో ఇళ్ళలో భోజనం బంగాళాదుంప సలాడ్, ఉడికిన సాసేజ్‌లు, అంతే. మొదటిసారి ఆ రాత్రి అతిథిగా వెళ్ళిన తెలుగువారు పండుగ భోజనం ఇంత సాదాగా ఉందేమిటని ఆశ్చర్యపోతారు. క్రిస్మస్ ముందటి వారాలు ఉపవాస కాలం, ఆ రాత్రి దాకా మితాహారమే తినాలన్న పాత క్రైస్తవ ఆచారం దీని వెనక ఉందని చెబుతారు. ముందే చేసి పెట్టుకుని చర్చికి వెళ్ళి రావచ్చన్న సౌకర్యం కూడా ఉంది, నా అంచనాలో ఇదే బలమైన కారణం. మామూలు రోజుల్లో వియన్నాలో ష్నిట్జెల్ అనే, రొట్టె పొడి అద్ది వేయించిన పలచని మాంసం ముక్కతో, ష్వాబియాలో మౌల్‌టాషెన్ అనే కూరిన పిండి పలకలతో తింటారు. శాకాహారులు వేయించిన పనీర్‌తోనో పుట్టగొడుగులతోనో తినవచ్చు.

ఎంతసేపు నిల్వ ఉంటుంది?

బయట రెండు గంటలు, మన వేసవిలో గంట. ఫ్రిజ్‌లో స్టాక్ రకం రెండు రోజులు, మయోనైజ్ రకం ఒక రోజు. ఉడికిన దుంప తడిగా, గోరువెచ్చగా ఉన్నంతసేపు సూక్ష్మజీవులకు అనువైన చోటే. ఇంట్లో పచ్చి గుడ్డుతో మయోనైజ్ చేసే అలవాటు ఉంటే మరింత జాగ్రత్త అవసరం: పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌పై తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధం విధించింది, దానికి కారణం కలుషితాహార ఘటనలే. పాశ్చరైజ్ చేసిన గుడ్డు గానీ గుడ్డు లేని రకం గానీ వాడండి.

## వంట రాతకెక్కిన కథ

లోకంలో దొరికిన మొదటి వంట రాత ఏది?

ఇప్పటివరకు తెలిసినవాటిలో అతి పాతవి మెసపొటేమియాకు చెందిన మట్టి పలకలు, సుమారు క్రీ.పూ. 1730 నాటివి. ఇవి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. చాలాకాలం వాటిని మందుల చిట్టాలనుకున్నారు. ఫ్రెంచ్ పండితుడు జాన్ బొటెరో 1980లలో చదివి ప్రచురించాక అవి వంటలని అందరికీ తెలిసింది. ఒక పలకపై 25 పులుసుల వివరాలున్నాయి. ఒక్కో వంట రెండు మూడు వరుసలే: మాంసం, నీళ్ళు, కొవ్వు, ఉల్లి, వెల్లుల్లి జాతి మొక్కలు. ఎంత వేయాలో, ఎంతసేపు ఉంచాలో లేదు. ఇది వంట తెలియనివారికి నేర్పడానికి రాసింది కాదని అక్కడే అర్థమవుతుంది.

మన దేశంలో వంటల గురించి పాత రాతలు లేవా?

ఉన్నాయి. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర వెలువడిన సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం', సుమారు 1130 నాటిది. హనుమకొండ కాకతీయులు అప్పటికి ఆ రాజుల సామంతులు. రాజభోగాలను వర్ణించే ఆ గ్రంథంలో అన్నభోగం ఒక భాగం; ఇడ్డరిక, ధోసక వంటి పేర్లు అందులో కనిపిస్తాయి. బంగాళాదుంప మాత్రం కనిపించదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పుట్టిన ఆ దుంప పోర్చుగీసు వారి ద్వారా మన తీరానికి చేరడానికి ఇంకా దాదాపు ఐదు వందల ఏళ్ళు పట్టింది.

జర్మన్ భాషలో మొదటి వంట పుస్తకం ఏది? అందులో ఈ సలాడ్ ఉందా?

లేదు, ఉండే అవకాశమూ లేదు. వుర్జ్‌బుర్గ్‌లో సుమారు 1350లో, అక్కడి బిషప్ కార్యాలయ అధికారి మికాయేల్ డె లియోనె రాయించుకున్న పెద్ద గృహ గ్రంథంలో 'మంచి భోజనపు పుస్తకం' అన్న భాగం ఉంది. జర్మన్‌లో మనకు దొరికిన అతి పాత వంటల సంకలనం అదే. వంద దాకా వంటలున్నాయి. వాటిలో ఎన్నో ఒకే తీరులో ముగుస్తాయి: ఉప్పు ఎక్కువ చేయకు, వడ్డించు. ఎంత ఉప్పు అన్నది చెప్పని రచయిత, ఎక్కువ వేస్తే మాత్రం ఊరుకోడు. అచ్చులో వచ్చిన మొదటి జర్మన్ వంట పుస్తకం 1485లో న్యూరెంబర్గ్‌లో వెలువడింది. 1553 నాటి ఆగ్స్‌బర్గ్ గృహిణి జబీనా వెల్జెరిన్ చేతిరాత పుస్తకం, ఆ శతాబ్దం చివర అచ్చయిన అన్నా వెకెర్ పుస్తకం స్త్రీల పేర నిలిచిన తొలి జర్మన్ వంట రాతల్లోవి.

బంగాళాదుంప సలాడ్ గురించి మొదట రాసింది ఎవరు?

ఆశ్చర్యకరంగా, ఒక ఆంగ్లేయ మొక్కల పండితుడి రాతలో దీని పోలిక కనిపిస్తుంది. జాన్ జెరార్డ్ 1597లో లండన్‌లో ప్రచురించిన ఓషధుల గ్రంథంలో బంగాళాదుంపను నిప్పుల్లో కాల్చుకుని తింటారని, లేదా ఉడికించి నూనె, వెనిగర్, మిరియాలతో తింటారని రాశాడు. అది వంట విధానం కాదు, ఒక్క వాక్యం; అయినా ఈ సలాడ్ ఎముకల గూడు అందులో పూర్తిగా ఉంది. మార్క్స్ రుంపోల్ట్ 1581లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు వేసిన పెద్ద జర్మన్ వంట పుస్తకంలో మొదటి బంగాళాదుంప వంట ఉందని తరచు చెబుతారు గానీ, ఆయన వాడిన పేరు అప్పట్లో వేరే దుంపలకూ కాయలకూ కూడా ఉండేది కాబట్టి దాన్ని నిశ్చయంగా తీసుకోలేము.

బంగాళాదుంపను జర్మన్లకు అలవాటు చేసింది ఫ్రెడరిక్ రాజేనా?

కొంతవరకు. అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1756 మార్చి 24న ఈ పంట వేయించమని అధికారులకు ఉత్తర్వు ఇచ్చిన మాట వాస్తవం. పొలానికి కాపలా పెట్టించి, జనం దొంగతనంగా తవ్వుకుపోయేలా చేశాడన్నది మాత్రం కథగానే చెప్పుకోవాలి. పోట్స్‌డామ్‌లోని ఆయన సమాధి పలకపై సందర్శకులు ఇప్పటికీ దుంపలు పెట్టి వెళతారు.

పాత వంట పుస్తకాల్లో కొలతలు ఎందుకు ఉండవు?

రాసినవారికి అవసరం లేకపోయింది కాబట్టి. అవి ఎక్కువగా రాజుల వంటశాలల్లో, ధనికుల ఇళ్ళలో పనిచేసే వంటవారి కోసమో, ఏ వంట చేయించాలో ఎంచుకునే యజమానుల కోసమో రాసినవి. పప్పు తాలింపులో ఎన్ని ఆవాలు వేయాలో మన వంటమనిషికి కాగితంపై ఎవరూ రాసివ్వరు. అటువంటి సంగతులు రాతకు బయటే ఉండేవి. పొయ్యిలు కట్టెలవి, ఇంటింటికీ వేడి వేరు, గడియారం అందరికీ లేదు. కాబట్టి సమయాన్ని ఒక ప్రార్థన చదివేంతసేపు అని చెప్పడం మధ్యయుగపు ఐరోపాలో మామూలు. తూనికలూ ఊరికో రకం కావడంతో ఒక పట్టణపు కొలత పక్క పట్టణంలో చెల్లేది కాదు.

నన్నడిగితే, పాత పుస్తకంలో రాసినదానికన్నా రాయకుండా వదిలినది ఎక్కువ చెబుతుంది. రచయిత ఏది వదిలేశాడో అది అప్పటి చదువరికి పుట్టుకతో తెలిసినట్టు లెక్క. ఈ సలాడ్‌కు ఎంత స్టాక్ పోయాలన్న ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉంది: పుస్తకాలు మిల్లీలీటర్లు ఇస్తాయి, దుంప వాటిని లెక్కచేయదు.

పదార్థాల జాబితా, ఖచ్చితమైన కొలతలు ఎప్పుడు మొదలయ్యాయి?

ఇవి స్థిరపడింది పందొమ్మిదో శతాబ్దంలో. ఇంగ్లండ్‌లో ఎలిజా ఆక్టన్ 1845 నాటి పుస్తకంలో ప్రతి వంట చివర పదార్థాలనూ వాటి పరిమాణాన్నీ సమయాన్నీ విడిగా ఇచ్చింది. ఇజబెల్లా బీటన్ 1861లో ఆ జాబితాను వంట మొదటికి తెచ్చింది. జర్మన్ ఇళ్ళలో ఆ స్థానం హెన్రియెట్టె డావిడిస్‌ది. ఆమె పుస్తకం కూడా 1845లోనే వచ్చింది, తాను స్వయంగా చేసి చూసిన వంటలని పేరులోనే చెప్పుకుంది, దశాబ్దాల పాటు పునర్ముద్రణలు పొందింది. 1879లో మిల్వాకీలో అమెరికా జర్మన్ల కోసం ప్రత్యేక ముద్రణ వెలువడింది. 1896లో బోస్టన్‌లో ఫానీ ఫార్మర్ చెంచాను, కప్పును అంచుకు సమంగా గీసి కొలవాలని పట్టుబట్టింది. ఈ మార్పు వెనక కారణం సామాజికమైనది. పట్టణాలకు వచ్చిన యువ గృహిణుల పక్కన తల్లి లేదు, వంటమనిషిని పెట్టుకునే స్తోమతు చాలామందికి లేదు. పక్కన నిలబడి చెప్పేవారు లేని చోట కాగితమే చెప్పవలసి వచ్చింది.

పాత జర్మన్ పుస్తకంలో 'లోట్' అని ఉంది. ఎన్ని గ్రాములు?

పుస్తకం ఎక్కడ, ఎప్పుడు అచ్చయిందో చూడాలి. పాత ప్రష్యా లెక్కలో లోట్ అంటే పౌండులో 32వ వంతు, సుమారు 14.6 గ్రాములు; 1858 తరువాత అక్కడే 16.7 గ్రాములు, బవేరియాలో 17.5 గ్రాములు. జర్మనీ అంతటా మెట్రిక్ విధానం 1872 జనవరి 1 నుంచి అమలైంది గానీ పునర్ముద్రణల్లో పాత కొలతలు చాలాకాలం అలాగే కొనసాగాయి. సలాడ్ వరకు లోట్‌ను 15 గ్రాములుగా తీసుకుంటే ప్రమాదం లేదు. కేకులకైతే సరైన లెక్క వేసుకోవాలి.

ఆ పుస్తకాల అచ్చు అక్షరాలే చదవలేకపోతున్నాను. ఏదైనా దారి ఉందా?

ఆ అచ్చు పేరు ఫ్రాక్టుర్. 1941లో ప్రభుత్వ ఆదేశంతో వాడుకలోంచి తప్పించేదాకా జర్మన్ పుస్తకాలు ఎక్కువగా అందులోనే వచ్చాయి. అందులో 'స' ధ్వనికి వాడే పొడవాటి అక్షరం, 'ఫ' అక్షరం దాదాపు ఒకేలా ఉంటాయి. అడ్డగీత నిలువు గీతను దాటి కుడివైపుకు వస్తే 'ఫ', రాకపోతే 'స'. ఈ ఒక్కటి పట్టుబడితే సగం చిక్కు తీరుతుంది. చేతిరాత పుస్తకాల్లోని కుర్రెంట్ లిపి వేరు, దానికి ఓపికగా వర్ణమాల నేర్చుకోవడం తప్ప దగ్గరి దారి లేదు.

## మీరే రాసుకునేటప్పుడు

అమ్మమ్మ వంటలు రాసిపెట్టాలి. ఆమె 'తగినంత' అంటే ఎంత అని రాయాలి?

ఆమెను అడగకండి, ఆమె చేస్తున్నప్పుడు కొలవండి. ఉప్పు డబ్బాను వంటకు ముందు, తరువాత తూచితే ఎంత పడిందో తేలుతుంది. చేతిని ఆపి చెంచాలో పోయమంటే ఆమె చేతివాటమే మారిపోతుంది. అంకెతో పాటు గుర్తును కూడా రాయండి: నూనె పక్కలకు వదిలింది, పచ్చివాసన పోయింది, గరిటె నుంచి జారింది. దుంప మారినా, పొయ్యి మారినా అంకె తప్పవచ్చు, గుర్తు తప్పదు. ఆమె సోల, తవ్వ, గిద్దె అన్న కొలతలు వాడితే ఆ పాత్రనే తెచ్చి నీళ్ళతో నింపి మిల్లీలీటర్లలో కొలుచుకోండి, ఎందుకంటే అవి ఊరినిబట్టి మారేవి.

పాత వంటల నోటుబుక్కు చిరిగిపోతోంది. ఎలా కాపాడాలి?

ముందు ప్రతి పేజీనీ పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. ఖాళీ పేజీలనూ, మధ్యలో దొరికిన చీటీలనూ వదలకండి. లామినేషన్ చేయించవద్దు, ఆ వేడి, జిగురు కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. పారదర్శకమైన టేపు కూడా కొన్నేళ్ళకు పసుపెక్కి రాతను తినేస్తుంది. తిరిగి రాసేటప్పుడు అక్షర దోషాలు, కొట్టివేతలు ఉన్నవి ఉన్నట్టే దించి, మీ సవరణలను వేరే రంగు సిరాతో, తేదీ వేసి పక్కన రాయండి. అసలు పుస్తకాన్ని పొడి గుడ్డలో చుట్టి, పొయ్యికీ కిటికీకీ దూరంగా, వంటింటి అలమరలో కాక మరో గదిలో ఉంచండి.